గిన్నెలు తోముతూ పాడుకోలేని పాట గుడిలో ఎందుకు?

మొన్న ఆదివారం పూజలో మా గుడి చప్పట్లతో మోగిపోయింది. చివరి ఆశీర్వాదానికి ముందు ఫాదర్ గారు మైకు దగ్గరికి వచ్చి, "ఈరోజు ఇంత చక్కగా పాడిన మన గాయక బృందానికి ఒక్కసారి గట్టిగా చప్పట్లు" అన్నారు. అందరం కొట్టాం. నేనూ కొట్టాను. కొట్టకపోతే బాగుండదు, పైగా ఆ బృందంలో మా అమ్మాయి కూడా ఉంది.

ఇంటికొచ్చి చపాతీ పిండి కలుపుకుంటూ, అంత చక్కగా పాడిన వాటిలో ఒక పాట పాడుకుందామని చూశాను. ఒక్క పల్లవి కూడా నోటికి రాలేదు. మా వారిని అడిగాను. "ఆ మూడో పాట బాగుంది కదా, మధ్యలో ఫ్లూటు వచ్చింది" అన్నారు. మా గుడిలో ఫ్లూటు ఊదేవాళ్లు లేరు. అది కీబోర్డులోంచి వచ్చింది. సరే, ఆ పాటలో మాటలేమిటి అంటే ఆయనకీ తెలీదు. మా బాబుని అడిగితే, "అమ్మా, అక్క ఫోనులో ఉంటుంది చూడు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది, చప్పట్లు ఎందుకు కొట్టామో. చప్పట్లు కొట్టేది ప్రేక్షకులు. మనం పూజకు వెళ్లి ప్రేక్షకులమై తిరిగొచ్చాం.

ఈ మాట రాస్తే మా విచారణలో కొందరికి కోపం వస్తుందని తెలుసు. ఇంట్లో అయితే ఇప్పటికే వచ్చింది. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఇది నా చెవులకు నచ్చడం, నచ్చకపోవడం గురించి కాదు. పోయినేడాది మా అత్తయ్య మంచం పక్కన నిలబడినప్పుడు మా ఇంట్లో ఏం లేకుండా పోయిందో నేను కళ్లారా చూశాను.

మా అత్తయ్య చదువుకోలేదు. వేలిముద్ర. కానీ ఆవిడకి వచ్చినన్ని పాటలు మా ఇంట్లో ఎవరికీ రావు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఉపదేశి గారు సాయంత్రం దీపం పెట్టే వేళకి పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కో లైను చెప్పి పాడించేవారట. ఆయన ఒకసారి, పిల్లలు ఒకసారి. అలా నేర్చుకున్నవి పొలంలో నాట్లేసేటప్పుడు, బియ్యం చెరిగేటప్పుడు, పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు పాడుకుంటూ ఉండేవారు. మా వారిని ఉయ్యాలలో ఊపింది మరియమాత పాటలతోనే. నేను కోడలిగా వచ్చాక వంటింట్లో ఆవిడ వెనక నిలబడి ఆ పాటలు నేర్చుకున్నాను. పుస్తకం చూసి కాదు, ఆవిడ గొంతు వినే.

అలాంటి మనిషి చివరి నాలుగైదేళ్లు గుడిలో నోరు మెదపలేదు. మూగనోము పట్టినట్టు కూర్చునేవారు. ఒకరోజు, "ఏంటి అత్తయ్యా, పాడట్లేదు?" అని అడిగాను. "ఎక్కడ అందుకోవాలో తెలీట్లేదమ్మా. అందుకుందామనుకునేసరికి వాయింపు మొదలవుద్ది. వాయింపు అయ్యేసరికి మర్చిపోతున్నా. ఆళ్లు పాడుతున్నారుగా, నాదేముందిలే" అన్నారు.

ఆ "నాదేముందిలే" నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. డెబ్భై ఏళ్లు తనవైన పాటలు ఇక తనవి కావని ఆవిడే ఒప్పేసుకున్నారు.

పోయినేడాది వానాకాలంలో, ఇంక ఇంటికి తీసుకెళ్లండన్నాక, ఆవిణ్ణి ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టాం. ఫాదర్ గారు వచ్చి అవస్థాభ్యంగనం ఇచ్చి వెళ్లారు. సాయంత్రం జపమాల చెప్పుకున్నాం. అయ్యాక మా బాబు, "నానమ్మకి పాట పెడదామా?" అన్నాడు. పిల్లాడు మంచి మనసుతోనే అన్నాడు. ఫోనులో వెతికి పెట్టాడు. ముందు స్థలాల ప్రకటన వచ్చింది. గేటెడ్ కమ్యూనిటీ, బ్యాంకు లోను సౌకర్యం. అది అయ్యాక అరనిమిషం పైగా వాయింపు. అప్పుడు ఎవరో తెలియని గాయని గొంతు. అత్తయ్య మొహం అటు తిప్పుకున్నారు.

మా వారు ఫోను తీసి పక్కన పెట్టేశారు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన పాడగా నేను వినలేదు. శ్రుతి ఉండదు, గొంతూ ఉండదు. ఆయన తల్లి చెవి దగ్గర కూర్చుని, చిన్నప్పుడు ఉయ్యాలలో విన్న మరియమాత పాట ఎత్తుకున్నారు. నేను అందుకున్నాను. రెండో చరణానికి అత్తయ్య చూపుడు వేలు దుప్పటి మీద తాళం వేస్తోంది. పెదాలు కదిలాయి. చివరి పల్లవి దగ్గర గొంతు కూడా వచ్చింది, గాలిలాగా.

నా పిల్లలిద్దరూ ఆ మంచానికి అటువైపు నిలబడి చూస్తున్నారు. వాళ్లకి ఆ పాట రాదు. రాత్రి నా పక్కన పడుకుని మా అమ్మాయి అంది, "అమ్మా, నాకు రెండొందల పాటలు వచ్చు. ఒక్కటి కూడా నానమ్మకి వచ్చింది కాదు. నాకొచ్చినవి పాడదామంటే కీబోర్డు లేకుండా ఎక్కడ మొదలెట్టాలో తెలీలేదు."

నా గొడవంతా ఆ ఒక్క మాటలో ఉంది. గుడిలో రెండొందల పాటలు నేర్చుకున్న పిల్ల, చనిపోతున్న నానమ్మ దగ్గర ఒక్క పాట పాడలేకపోయింది. తప్పు ఆ పిల్లది కాదు. మనం పిల్లలకి పాటలు నేర్పట్లేదు, ప్రదర్శనలు నేర్పుతున్నాం.

ఇది ముసలివాళ్ల చాదస్తం అని కొట్టిపారేసే ముందు, తిరుసభ ఏం చెప్పిందో చూడండి. నేను వేదాంతం చదవలేదు, కానీ కడుపు మండి వెతుక్కుని చదివాను. చదివాక ఆశ్చర్యపోయాను. అత్తయ్య అడిగిందే అక్కడ రాసి ఉంది.

1903 నవంబరు 22న, పునీత సిసిలియమ్మ పండుగ రోజున, పదో భక్తినాథ పాపుగారు, అంటే పదవ పయస్, గుడి సంగీతం మీద ఒక ఆజ్ఞాపత్రం ఇచ్చారు. ఆ రోజుల్లో ఇటలీ గుళ్లలోకి నాటకశాలల బాణీలు వచ్చి చేరాయి. వాటిని బయటికి పంపి, జనం మళ్లీ నోరు విప్పి పాడాలన్నది ఆయన ఉద్దేశం. అంటే సినిమా బాణీల గొడవ మనతో మొదలైంది కాదు. ఆ కాలానికి సినిమా పాటలు లేవు, ఒపేరా ఉంది, అంతే తేడా. అదే పత్రంలో ఆడవాళ్లు గాయక బృందంలో ఉండకూడదని కూడా రాశారు. చదివి నవ్వుకున్నాను. ఆ నియమమే ఉండి ఉంటే మా అమ్మాయికీ నాకూ ఈ గొడవే వచ్చేది కాదు. పాతదంతా బంగారమని నేను అనట్లేదని చెప్పడానికే ఈ సంగతి కూడా రాస్తున్నాను. ఆ నియమం తర్వాత మారింది, మారాల్సిందే.

రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న దైవార్చన మీద ఇచ్చిన పత్రంలో ఒక అధ్యాయమంతా సంగీతం గురించే. గాయక బృందాలను శ్రద్ధగా పెంచమని అందులో ఉంది. అయితే ఆ వాక్యం అక్కడితో ఆగదు. జనమంతా తమ వంతు పాడగలిగేలా చూడటం మేత్రాణుల, గురువుల బాధ్యత అని కూడా చెబుతుంది. 1967 మార్చి 5న వచ్చిన సంగీత నియమావళి ఇంకా సూటిగా ఉంది. జనాన్ని పూర్తిగా పక్కనపెట్టి పూజలో పాడేదంతా బృందానికే అప్పగించే అలవాటు మంచిది కాదని అంది. వాయిద్యాలు గొంతుకు ఆసరాగా ఉండాలే తప్ప మాటలు వినపడకుండా చేయకూడదని అంది.

పూజా గ్రంథం మొదట్లో ఉండే సాధారణ నియమాలు చూస్తే ఇంకా తెల్లబోతాం. మహిమ గీతం బదులు ఇంకో పాట పెట్టకూడదు. మొదటి పఠనం తర్వాత వచ్చే కీర్తన బదులు వేరే పాట పాడకూడదు. గురువు ప్రార్థన చెబుతున్నప్పుడు ఏ వాయిద్యమూ మోగకూడదు. తపస్కాలంలో వాయిద్యాలు పాటకి ఆసరాగా మాత్రమే వాడాలి, దానికి మినహాయింపులు కొద్దిరోజులే. ఇప్పుడు మీ గుడి గుర్తు తెచ్చుకోండి. ఫాదర్ గారు అప్పాన్ని పైకెత్తే ఘడియలో వెనక నుంచి కీబోర్డు సన్నగా వినపడుతూ ఉంటుందా, లేదా? సీరియల్లో కన్నీళ్ల సన్నివేశానికి పెట్టినట్టు? ఆ నిమిషానికి కావలసింది నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని కూడా నింపేయాలనిపించడం ఏం భయమో నాకు తెలీదు.

ఇక పెన్ డ్రైవు సంగతి. వాయించేవాళ్లు రాకపోతే ట్రాకు పెట్టి పాడేస్తున్నారు. 1958లోనే, పన్నెండవ పయస్ పాపుగారి కాలంలో, గ్రామఫోను, టేపు లాంటి యంత్రాల సంగీతం పూజలో వాడొద్దని రోము నుంచి ఉత్తర్వు వచ్చింది. నాకు ఉత్తర్వు కంటే దాని వెనక ఉన్న ఇంగితం నచ్చింది. యంత్రం మన కోసం ఆగదు. ముసలావిడ ఊపిరి తీసుకునేదాకా ఆగదు. పాట మనుషుల వెంట నడవాలి గానీ మనుషులు ట్రాకు వెంట పరుగెత్తితే ఎలా?

"అవన్నీ రోము కాగితాలు, మన ఊళ్లో కుదురుతాయా?" అంటారు. కుదురుతాయి. కుదిరిన సంగతి ప్రతి తపస్కాలంలో మీరూ నేనూ చూస్తున్నాం.

శుక్రవారం సాయంత్రం సిలువ మార్గానికి రండి. కీబోర్డు ఉండదు, చాలాసార్లు మైకు కూడా ఉండదు. పద్నాలుగు స్థలాలు. ఒక స్థలం నుంచి ఇంకో స్థలానికి నడుస్తూ ఒక్కో చరణం. ముందు ఎవరో ఒక పెద్దావిడ ఎత్తుకుంటుంది, వెనక గుడంతా అందుకుంటుంది. మొగవాళ్లు కూడా పాడతారు. పొలం నుంచి అట్నుంచటే వచ్చినవాళ్లు, పాట పుస్తకం లేనివాళ్లు, కళ్లజోడు మర్చిపోయినవాళ్లు, అందరూ. గోడలు మోగుతాయి. అదే జనం, అదే గుడి. ఎల్లుండి ఆదివారం వచ్చేసరికి ఒక్క గొంతు లేవదు. శుక్రవారం పాడిన జనానికి ఆదివారం ఏమైంది? గొంతులు పోలేదు. చోటు పోయింది.

గుణదల తిరునాళ్లకి ఫిబ్రవరిలో కొండెక్కేవాళ్లని చూడండి. మెట్ల మీద గుంపులు గుంపులుగా, ఊరికో పాట పాడుకుంటూ ఎక్కుతారు. ఆయాసం వచ్చినప్పుడు ఒకళ్లు ఆగితే ఇంకొకళ్లు అందుకుంటారు. వాళ్లకి ఏ సౌండ్ బాక్సూ అక్కర్లేదు. పాడే జనం మనది. మనమే వాళ్లని కుర్చీల్లో కూర్చోబెట్టి వినిపిస్తున్నాం.

నిజానికి మన తెలుగువాళ్లకి ఇది ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. కీర్తన అంటేనే పల్లవి జనానిది, చరణం పాడేవాడిది. భజనలో, కోలాటంలో, చెక్కభజనలో, ఎక్కడైనా ఒకరు చెబితే పదిమంది అందుకోవడమే పద్ధతి. చదువు రానివాళ్లు కూడా పాడగలిగేలా పెద్దవాళ్లు కట్టిన ఏర్పాటు అది. పూజలో పఠనం తర్వాతి కీర్తనకి తిరుసభ పెట్టిన పద్ధతీ అదే. ఒకరు చరణం, అందరూ పల్లవి. ఇంతకంటే అచ్చొచ్చిన కలయిక ఏముంటుంది? పురుషోత్తమ చౌదరి గారు, ఆయన తర్వాతివాళ్లు రాసిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీస్తే చాలా పాటల మీద రాగం, తాళం వేసి ఉంటాయి. ఆ కీర్తనలు ప్రొటెస్టంటు సోదరుల ఆస్తి, మనమూ కొన్ని పాడుకుంటాం. అవి ఇన్నేళ్లు ఎందుకు నిలిచాయంటే, వాటిని మోసింది వాయిద్యాలు కాదు, నోళ్లు. ఏ జాతి సంగీతం ఉంటే ఆ జాతి సంగీతానికి పూజలో తగిన చోటివ్వమని మహాసభ కూడా చెప్పింది. మనం మాత్రం మన కీర్తన పద్ధతి వదిలి, ఎక్కడిదో స్టేజీ షో పద్ధతి తెచ్చి గుళ్లో పెట్టుకుని, దానికి కొత్తదనం అని పేరు పెట్టాం.

ఇప్పుడు మా ఇంట్లో కోపాల దగ్గరికి వస్తాను.

మా అమ్మాయి వాదన ఇది. "అమ్మా, కొత్త పాటలు లేకపోతే యూత్ గుడికి రారు. ఇప్పటికే సగం మంది ప్రార్థన కూటాలకి పోతున్నారు. అక్కడ మ్యూజిక్ బాగుంటుంది." మాట కొట్టిపారేసేది కాదు. మా వీధిలోనే రెండు కుటుంబాలు అలా వెళ్లాయి. కానీ నేను ఆ కూటాలకి ఒకటి రెండుసార్లు చుట్టాలతో వెళ్లాను. అక్కడ సంగీతం పెద్దదే, కానీ జనం కూడా పాడతారు. చేతులెత్తి, కళ్లు మూసుకుని, ఒకే పల్లవి పదిసార్లు పాడతారు. మనవాళ్లు అక్కడికి వెళ్లింది కీబోర్డు కోసమే అయితే అది మన దగ్గరా ఉందిగా, మరెందుకు వెళ్లారు? అక్కడ తమ గొంతుకి పని ఉందని వెళ్లారేమో. మనం వాళ్ల దగ్గర నుంచి పెట్టెలు తెచ్చుకున్నాం, నోళ్లు తెచ్చుకోలేదు. ఈ మాట అంటే అమ్మాయి కాసేపు మాట్లాడలేదు.

రెండో మాట, "మేం ఎంత కష్టపడుతున్నామో నీకు తెలుసు కదా!" తెలుసు. శనివారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ప్రాక్టీసు. కాలేజీ, పరీక్షలు, అయినా మానరు. జీతం లేదు, కనీసం టీ కూడా మేమే చేసి పంపుతాం. ఆ పిల్లల్ని ఒక్క మాట అనను. వాళ్లు చేస్తున్నది మనం మెచ్చుకున్నదే. బాగా వాయిస్తే చప్పట్లు కొట్టింది మనం. జనం చేత పాడించిన రోజున ఎవరైనా చప్పట్లు కొట్టామా? కీబోర్డు కొనడానికి చందా ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. క్రిస్మస్ రాత్రి పూజలో అమ్మాయి పాడుతుంటే లేచి నిలబడి వీడియో తీసింది నేనే. నా వెనక కూర్చున్న అత్తయ్యకి పీఠం కనపడకుండా అడ్డంగా నిలబడి తీశాను. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. అందులో అమ్మాయి గొంతు తప్ప ఇంకెవరి గొంతూ వినపడదు. అప్పుడు అది గొప్ప అనిపించింది.

మూడో మాట మా వారిది. "మంచి సంగీతం వింటే మనసుకి భక్తి కలుగుతుంది కదా, పాడకపోతే ఏం?" కలుగుతుంది, కాదనను. కానీ ఈ ప్రశ్నతో పదహారు వందల ఏళ్ల కిందటే ఒక మహానుభావుడు నలిగిపోయాడు. పునీత అగస్టీను గారు తన ఆత్మకథలో ఈ సంగతి రాసుకున్నారు. గుడిలో పాట విని తాను ఏడ్చిన రోజులు ఉన్నాయనీ, పాట మంచిదేననీ ఒప్పుకున్నారు. అయితే పాటలోని మాట కంటే పాట తీపే తనను ఎక్కువ కదిలిస్తే అది తన తప్పేననీ, అలాంటప్పుడు ఆ పాట వినకపోతేనే మేలనీ అన్నారు. మా వారికి ఫ్లూటు గుర్తుండి మాటలు గుర్తులేకపోవడం సరిగ్గా ఇదే.

అగస్టీను గారే అదే పుస్తకంలో ఇంకో సంగతి చెప్పారు, నాకు బాగా నచ్చింది. మిలాను నగరంలో 386 ప్రాంతంలో రాణి జస్టీనా అక్కడి మేత్రాణి అంబ్రోసు గారి మీద కక్షగట్టింది. జనం తమ మేత్రాణితో పాటు చావడానికైనా సిద్ధపడి గుడిలోనే రాత్రిళ్లు జాగారం చేశారు. ఆ దిగులులో జనం నీరసించిపోకుండా ఉండాలని తూర్పు దేశాల పద్ధతిలో కీర్తనలు, గీతాలు పాడించడం అక్కడ మొదలుపెట్టారు. ఆ జాగారంలో ముందు వరసలో ఉన్నవాళ్లలో ఒక పెద్దావిడ ఉంది. అగస్టీను గారి తల్లి, మోనికమ్మ. అంటే జనం పాడే పాట పుట్టింది మనల్ని అలరించడానికి కాదు. భయపడిన మనుషులు తెల్లవారేదాకా ఒకరినొకరు పట్టుకుని నిలబడటానికి. మా అత్తయ్య మంచం దగ్గర ఆ రాత్రి మాకు కావలసింది కూడా అదే.

ఆడవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, పూజలో కొన్ని పాటలు పప్పన్నం లాంటివి. కనికర ప్రార్థన, మహిమ గీతం, పరిశుద్ధుడు, గొర్రెపిల్ల. ఇవి వారం వారం అవే మాటలు. వాటికి బాణీ కూడా అలాగే నిలకడగా ఉండాలి. రోజూ పెళ్లి భోజనం పెడితే ఎవరైనా తినగలరా? పండక్కి బొబ్బట్లు చేద్దాం, నాలుగు గొంతులతో కొత్త పాట బృందం వాళ్లే పాడనివ్వండి, కూర్చుని విందాం, సంతోషం. కానీ పప్పన్నం కూడా వారం వారం కొత్త రకంగా వండి, అదీ వండినవాళ్లే తిని, మనల్ని చూస్తూ కూర్చోమంటే ఎలా?

అందుకే నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. రూపాయి ఖర్చు లేనివి. పూజలో మారని పాటలకి ఒకే బాణీ, కనీసం ఏడాది పాటు. కీర్తన పల్లవి పూజకి ముందు రెండుసార్లు జనంతో పాడించండి, ఐదు నిమిషాలు చాలు. శ్రుతి కొంచెం దించండి. పద్దెనిమిదేళ్ల పిల్లకి సులువైన శ్రుతి అరవై ఏళ్ల ఆవిడకీ, మొగవాళ్లకీ అందదు. చరణాల మధ్య వాయింపు కుదించండి. ప్రతి పాటలో చివరి పల్లవికి కీబోర్డు ఆపేయండి. అప్పుడు జనం గొంతు వినపడిందా, ఆ పాట ఉంచండి. గుడి నిశ్శబ్దమైపోయిందా, ఆ పాట తీసేయండి. ఇంతకంటే నిజాయితీ గల పరీక్ష నాకు తెలీదు. కొత్త పాటలు కూడా రానివ్వండి, మా అత్తయ్య పాటలూ ఒకప్పుడు కొత్తవే. కానీ ఒక పాట ఎత్తుకుంటే జనం నోటికొచ్చేదాకా దాన్ని వదలొద్దు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో పాడుకోలేని పాట గుడిలో ఎంత మోగినా గెలిచినట్టు కాదు.

ఈ మాటలే కాస్త మర్యాదగా ఫాదర్ గారితో చెప్పాను. ఆయన నవ్వి, "చూద్దామమ్మా, యూత్ ఒప్పుకోవాలి కదా" అన్నారు. ఆ నవ్వుకి అర్థం నాకు తెలుసు. మన గురువులకి పాపం వంద పనులు. పాటల విషయం కుర్రాళ్లకి వదిలేస్తే ఒక తలనొప్పి తగ్గుతుంది. కానీ ఇది వదిలేసే విషయం కాదు ఫాదర్. ప్రసంగం మీరు పెన్ డ్రైవులో పెట్టి వినిపించరు కదా?

మా అమ్మాయి ఇంకా పూర్తిగా మెత్తబడలేదు. ఆ పిల్లకీ అభిమానం ఉంటుంది. కానీ పోయిన వారం గిన్నెలు తోముతుంటే పక్కకొచ్చి నిలబడి, "నాన్న ఆరోజు పాడిన పాట రెండో చరణం ఏంటమ్మా?" అని అడిగింది. చెప్పాను. ఒకసారి నేను, ఒకసారి తను. ఉపదేశి గారు మా అత్తయ్యకి నేర్పినట్టు. మూడోసారికి వచ్చేసింది. కుళాయి చప్పుడులో కూడా పాట నిలబడింది. ఆ పాట తన బృందానికి నేర్పుతుందో లేదో తెలీదు, నేను అడగలేదు.

మీరు ఈ ఆదివారం ఒక పని చేయండి. దివ్యసత్ప్రసాద గీతం పాడుతున్నప్పుడు బృందం వైపు కాకుండా మీ పక్కన కూర్చున్న పెద్దావిడ పెదాల వైపు చూడండి. కదులుతున్నాయా? కదలకపోతే, ఇంటికెళ్లేలోపు ఆవిణ్ణి ఆపి, మీకు వచ్చిన పాట ఏదని అడగండి. అడిగి నేర్చుకోండి. ఆవిడ ఉన్నప్పుడే.